కేంపరు గారి కారు

వీరనారాయణపురం జిల్లా ఆరోగ్య కార్యాలయానికి మాఘమాసంలో ఒక చక్రాల గది వచ్చింది. ఏదో కంపెనీవారు ధర్మకార్యం కింద ఇచ్చారు. రెండు చక్రాల మీద తెల్లటి గది. లోపల రెండు మంచాలు, ఒక కుళాయి, చిన్న పొయ్యి, పక్కనుంచి లాగితే పందిరిలా పరుచుకునే గుడ్డ. ఇంజను మాత్రం లేదు. బండి వెనకాల తగిలిస్తే ఎక్కడికంటే అక్కడికి వస్తుంది. కంపెనీ కాగితాల్లో కేంపరు అని రాసి ఉంది కనుక అందరూ కేంపరనే అన్నారు. జిల్లా అధికారి డాక్టర్ విజయసారథి గారు రిబ్బను కత్తిరించి, "మన్యం మాతృమూర్తుల ముంగిట్లోకే సమగ్ర ప్రసూతి సేవలు" అన్న విషయం మీద పది నిమిషాలు మాట్లాడారు. ఫొటోలు అయ్యాయి. ఆ తర్వాత దాన్ని లాగే బండి ఏదని చూస్తే, లేదు.

ఉన్న ఒక్క జీపునీ నెల ముందే పదిహేనేళ్ళు నిండాయని తుక్కు కింద ఇచ్చేశారు. జీపు పోయింది గానీ జీపు డ్రైవరు పొట్నూరు గవరయ్య మిగిలాడు. రోజూ పదింటికి వచ్చి హాజరుపట్టీలో సంతకం పెట్టి, వసారాలో బల్ల మీద కూర్చునేవాడు. బండి లేని డ్రైవరుకి పనేమిటని ఎవరూ అడగలేదు. సంతకం ఉంది కనుక పని కూడా ఉన్నట్టే.

కేంపరు వచ్చిందని అందరికంటే సంతోషించినవాడు గవరయ్యే. కారణం ఎర్రమెట్ట. ఘాటీ రోడ్డు మీద కొండెక్కి, జోడుగెడ్డ అనే వాగు దాటితే వచ్చే ఊరది. వానలు పడ్డాయంటే గెడ్డ పొంగి మూడు నెలలు ఆ ఊరికి దారి ఉండదు. కిందటేడు శ్రావణంలో పాంగి చిలకమ్మ అనే పిల్లకి నొప్పులొస్తే డోలీ కట్టి గెడ్డ దాకా మోసుకొచ్చారు. ఇవతలి గట్టున గవరయ్య జీపు పెట్టుకుని నిలబడ్డాడు. నడుమ నీళ్ళు. అవతలి గట్టునే కాన్పు అయిపోయింది. బిడ్డ దక్కలేదు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో గవరయ్య ఎన్నో చూశాడు గానీ, ఆ పూట వాన హోరులో చిలకమ్మ అరుపు వినబడకుండా నోరు తెరుచుకున్న ముఖం మాత్రమే కనబడటం అతణ్ణి వదల్లేదు. ఇప్పుడు చిలకమ్మకి మళ్ళీ నెలలు. ఆషాఢంలో కాన్పు.

నర్సు ఎస్తేరురాణి ఒక్క ముక్కలో తేల్చేసింది. "గెడ్డ పొంగకముందే దీన్ని పైకెక్కించి ఒగ్గేయండి గవరయ్యా. వానాకాలమంతా నేను అక్కడే ఉంటాను. వాళ్ళు దిగి రానక్కర్లేదు."

బండేది అని అడిగితే గవరయ్య దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఆ రోజే అధికారి గది గుమ్మంలో నిలబడి చెప్పేశాడు. "బాబూ, ఘాటీ మలుపులు ఇరుకు. పొడుగు బండి తిరగదు, పొట్టిది గావాల. ఎనకాతల ఇంత బరువు లాగాలంటే డీజిలే. గెడ్డలో ఇసక బాబూ, నాలుగు సక్రాలూ తిరగాల. అలాటిది ఒకటే ఉంది. కొండ మీదకెళ్ళే పసుపు యాపారి కాడ కూడా అదే."

విజయసారథి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అలా ఏకపక్షంగా నిర్ణయించడానికి వీల్లేదయ్యా. తులనాత్మక అధ్యయనం జరగాలి," అన్నారు. వాహన ఎంపిక సంఘం ఏర్పడింది.

సంఘం మూడు బండ్లను తెప్పించింది. ఒకటి చిన్నదే గానీ పెట్రోలు. ఇంకొకటి డీజిలే గానీ పెళ్ళివారి బస్సంత ఉంది. మూడోది గవరయ్య చెప్పినదే. ముగ్గురు సభ్యులూ మూడు బండ్లూ ఎక్కి, బైపాసు మీది టిఫిను హోటలు దాకా వెళ్ళి పెసరట్టు తిని వచ్చారు. మూడు బండ్లూ హోటలుకి సమానంగా చేరుకున్నాయని నమోదయింది. కేంపరుని తగిలించి ఘాటీ మొదటి మలుపు దాకా వెళ్ళి చూద్దామని గవరయ్య అడిగాడు.

"కేంపరు ప్రభుత్వానిది. బండి ఇంకా కంపెనీవాడిది," అన్నారు విజయసారథి గారు. "ప్రభుత్వ ఆస్తిని తీసుకెళ్ళి ప్రైవేటు ఆస్తికి కట్టేస్తే రేపు సమాధానం ఎవరు చెబుతారు?"

నలభై రోజుల తర్వాత సంఘం మూడో బండే తగినదని నివేదిక ఇచ్చింది. గవరయ్య మాటకీ సంఘం మాటకీ తేడా నూట పన్నెండు పేజీలు.

ఆ నివేదిక సూపరింటెండెంటు నీలకంఠం గారి బల్ల మీదకు వెళ్ళింది. నీలకంఠం గారికి సర్వీసు రూల్సు కంచంలో అన్నంలా ఉండేవి, ఎప్పుడంటే అప్పుడు కలిపి పెట్టగలరు. ముప్పయ్యొక్క ఏళ్ళలో ఎవరి దగ్గరా టీ కూడా తాగలేదు. రూలుకి వ్యతిరేకంగా ఒక్క కాగితమూ కదలనివ్వలేదు. చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే పని ఇంకాస్త తొందరగా అయ్యేది.

ఆయన నివేదిక మూసి, "బండి సరే, ఎవరికి?" అన్నారు.

"కేంపరుకి బాబూ," అన్నాడు గవరయ్య.

"కేంపరుకి బండి ఇవ్వడానికి రూలు లేదు. బండి అధికారికి ఇస్తారు. ఇదిగో జాబితా." వేలు పెట్టి చూపించారు. "నాలుగు చక్రాలూ లాగే డీజిలు బండికి జాయింటు డైరెక్టరూ ఆ పైవారూ అర్హులు. అయితే వాళ్ళకి పెద్ద బండి. చిన్న బండికి అర్హులు కింది అధికారులు. వాళ్ళకి నాలుగు చక్రాలు లాగకూడదు. చిన్నదీ కావాలి, నాలుగూ లాగాలి అంటే అలాంటి అధికారి సృష్టిలో లేడు."

గవరయ్య వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. అప్పటికి చైత్రం సగమైంది. నీలకంఠం గారు మాత్రం కిటికీలోంచి ఆవరణలో నిలబడ్డ కేంపరు వంక చాలాసేపు చూశారు. ఆయనకి పని ఆపాలని లేదు. రూలు ప్రకారం జరగాలని మాత్రమే ఉంది. చివరికి మెల్లగా అన్నారు. "ఒకరున్నారు. ఇన్‌చార్జి. హోదా పైవాడిది, స్కేలు కిందివాడిది. ఇన్‌చార్జి జాయింటు డైరెక్టరుకైతే నాలుగూ లాగవచ్చు, బండి చిన్నదిగానూ ఉండవచ్చు."

"ఆ బాబు ఎవరండి?"

"జాయింటు డైరెక్టరు పోస్టు ఆరేళ్ళుగా ఖాళీ," అన్నారు నీలకంఠం గారు, ఇంకా కేంపరు వంకే చూస్తూ.

విజయసారథి గారు మొదట తటపటాయించారు. ఖాళీ పోస్టు భర్తీ చేసిన జిల్లా అని పైనుంచి పేరు వస్తుందని తెలిశాక, "పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా" అని ఫైలు మీద రాసి సంతకం చేశారు.

మర్నాడు వసారాలో కేంపరుకి, ఇన్‌చార్జి జాయింటు డైరెక్టరు హోదాలో, సర్వీసు రిజిస్టరు తెరిచారు. పుట్టిన తేదీ దగ్గర తయారైన తేదీ రాస్తే వయసు రెండేళ్ళు వచ్చింది. కారుణ్య నియామకాల్లో వయసు సడలింపు ఉందని నీలకంఠం గారు గుర్తుచేసి, సడలించారు. పుట్టుమచ్చల దగ్గర, ఎడమ చక్రం పైన సొట్ట. ఎత్తు, ఏడడుగులు. వేలిముద్ర లేనిదే రిజిస్టరు చెల్లదు కనుక గవరయ్య స్టాంపు ప్యాడు సిరా సీసా మొత్తం టైరుకి పూసి, పేజీ మీద మెల్లగా దొర్లించాడు. స్త్రీయా పురుషుడా అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

"ఖాళీ వదలకూడదు," అన్నారు నీలకంఠం గారు.

పక్కనే మందుల పెట్టె సర్దుకుంటున్న ఎస్తేరురాణికి ఓర్పు అయిపోయింది. "ఆడదని రాయండి సార్. జీతం లేకుండా వంటా మంచాలూ పురుళ్ళూ అన్నీ దాని నెత్తినే కదా పడేది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేసే ఆఫీసు దొరికింది నా ప్రాణానికి."

నీలకంఠం గారు మొదటి వాక్యం మాత్రమే విని, స్త్రీ అని రాశారు.

వైశాఖంలో కేంపరు విధుల్లో చేరింది. సెల్‌ఫోనులో ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి అప్పుడే కొత్తగా వచ్చింది. గవరయ్య రోజూ పదింటికి కేంపరు ముందు అద్దానికి ఎదురుగా ఫోను పట్టుకునేవాడు. విజయసారథి గారి ముఖం మూడోసారికి గాని తీసుకోని ఫోను కేంపరు ముఖాన్ని మొదటిసారే తీసుకునేది. ఒక్కరోజూ ఆలస్యం లేదు, ఆదివారాలు కూడా ఆఫీసులోనే ఉండేది.

జాయింటు డైరెక్టరు గారు ఉన్నారు కనుక ఫైళ్ళు కూడా అటే వెళ్ళాయి. అటెండరు వాటిని కిటికీలోంచి లోపలి మంచం మీద పెట్టేవాడు. మూడు రోజుల్లో అభ్యంతరం తెలపకపోతే ఆమోదించినట్టే అని రూలు. నాలుగో రోజు అటెండరు తీసుకెళ్ళేవాడు. ఆరేళ్ళుగా కదలని ఫైళ్ళు కదిలాయి. మందుల కాంట్రాక్టర్లు మిఠాయి పెట్టెలు పట్టుకుని కేంపరు మెట్ల దగ్గర నిలబడి, తలుపు తెరుచుకోకపోయేసరికి తిరిగి వెళ్ళేవారు. ముక్కుసూటి మనిషి, ఎవరినీ లోపలికి రానివ్వదు, ఏమీ పుచ్చుకోదు అని ఊళ్ళో పేరొచ్చింది. ఆ కార్యాలయంలో అంతవరకు ఎవరికీ రాని పేరది.

గవరయ్య ఇదంతా చూస్తూ లోలోపల ఉడికిపోయేవాడు. ఎవరో ఒకరి మీద కోపం తెచ్చుకుందామంటే అందరూ మంచిగానే ఉన్నారు, అన్నీ సక్రమంగానే జరుగుతున్నాయి. అతను బజారులో వెల్డింగు చేసేవాడి చేత ఒక ఇనప కొక్కెం తయారు చేయించి, గోనెసంచిలో చుట్టి, తన బల్ల కింద పెట్టుకున్నాడు. కారు వెనకాల బిగించి కేంపరుని తగిలించే కొక్కెం. రోజూ ఒకసారి సంచి విప్పి చూసుకునేవాడు.

జ్యేష్ఠం మొదటి వారంలో కారు వచ్చింది. చిన్నది, డీజిలు, నాలుగు చక్రాలూ లాగేది. వెనకసీటు మీద తెల్ల తువ్వాలు పరిచి ఉంది. అధికారి సీటుకి నెలకొకటి చొప్పున ఏడాదికి పన్నెండు తువ్వాళ్ళని లెక్కగట్టి, మిగతా పదకొండూ డిక్కీలో పెట్టి పంపారు. ముందు అద్దం కింద 'ఇన్‌చార్జి జాయింటు డైరెక్టరు' అని ఎర్రటి పలక. గవరయ్య ఇంజను చెవి పెట్టి విన్నాడు. ఒకసారి చుట్టూ తిరిగాడు. గోనెసంచి తెచ్చి విప్పాడు.

"అదేమిటి?" అన్నారు నీలకంఠం గారు.

"కొక్కెం బాబూ. తగిలించి లాగడానికి."

నీలకంఠం గారి ముఖంలో మొదటిసారి బాధ కనిపించింది. "గవరయ్యా, జాయింటు డైరెక్టరు హోదా గల అధికారిని కొక్కెం వేసి రోడ్డు మీద ఈడ్చుకెళతావా? అధికారి కారులో, వెనకసీట్లో కూర్చోవాలి. కారు వెనకాల కాదు."

"వెనకసీట్లో పట్టదు కదా బాబూ."

"అది అధికారి ఇష్టం. కారు సదుపాయం కల్పించడం వరకే మన బాధ్యత."

అప్పటినుంచి గవరయ్య పదింటికి కారు తెచ్చి కేంపరు పక్కన నిలిపి, వెనక తలుపు తెరిచి నిలబడేవాడు. అయిదింటికి తలుపు మూసేవాడు. కారు ఒక్క కిలోమీటరూ తిరగలేదు. ఎస్తేరురాణి రోజూ ఆకాశం వంక చూసి, ఎర్రమెట్ట నుంచి సంతకి దిగినవాళ్ళ దగ్గర చిలకమ్మ కబురు తెలుసుకుని వచ్చేది. "కాళ్ళు వాచాయంట. నడిచి దిగలేదంట. మళ్ళీ డోలీయే అంటున్నారు," అని ఒకరోజు చెప్పి, కారు తలుపు పట్టుకుని నిలబడ్డ గవరయ్యని చూసి వెళ్ళిపోయింది. గవరయ్యకి సిగ్గేసింది. జీతం తీసుకుని తలుపు పట్టుకుంటున్న చెయ్యి తనదేనా అనిపించింది.

అంతలో బదిలీలు వచ్చాయి. ఏటా జ్యేష్ఠంలో వచ్చేవే. ఎవరినీ కలవని అధికారి మీద కాంట్రాక్టర్లు పైకి రాసుకున్నారో, జాబితాలో పేరు వరసలో పడిందో గానీ, ఇన్‌చార్జి జాయింటు డైరెక్టరుని సముద్రం పక్క జిల్లాకి మార్చారు. కారుతో సహా, డ్రైవరుతో సహా. విజయసారథి గారు శాలువా తెప్పించారు. కేంపరు కప్పు మీద కప్పి, "ఈ స్వల్పకాలంలో వారు ఏనాడూ ఎవరినీ నొప్పించి మాట్లాడలేదు" అన్నారు. అది నిజమే.

అధికారిని పంపాలి. ఎలా పంపాలో తోచక అందరూ నీలకంఠం గారి వంక చూశారు. ఆయన పుస్తకం తిరగేసి, చాలాసేపటికి తలెత్తారు. "బదిలీ మీద వెళ్ళే అధికారి తన ఇంటిసామాను కూడా తీసుకెళ్ళవచ్చు. ఆమెకున్న ఇంటిసామాను ఆమే. సామానుని కారు వెనకాల కట్టుకెళ్ళడానికి అభ్యంతరం లేదు. గవరయ్యా, ఆ కొక్కెం ఉందా?"

గవరయ్య బల్ల కిందికి వంగేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరూ చూడలేదు.

"అక్కడ ఎప్పుడు సేరాల బాబూ?" అని అడిగాడు బోల్టులు బిగిస్తూ.

"ఆరు రోజులు వ్యవధి. ఆ ఆరు రోజులూ అధికారి ఈ జిల్లాలోనూ లేనట్టు, ఆ జిల్లాలోనూ లేనట్టు."

"అంటే ఎక్కడుండాలని రూలు బాబూ?"

నీలకంఠం గారు పుస్తకంలో చూశారు. "దాన్ని గురించి రూలు ఏమీ చెప్పలేదు," అన్నారు.

గేటు దాటాక రోడ్డు రెండుగా చీలుతుంది. ఎడమ వైపు సముద్రం, కుడి వైపు ఘాటీ. ఎస్తేరురాణి మందుల పెట్టెతో కుడి వైపు రోడ్డు మీద నిలబడి ఉంది. గవరయ్య ఆమెని అక్కడ ఉండమని చెప్పలేదు. ఆమె ముందుసీట్లో కూర్చుంది, వెనకసీటు అధికారిది కనుక. కారు కుడి వైపు తిరిగింది.

తాను చెప్పిన బండి చెప్పినట్టే నడిచింది. మొదటి మలుపులో పొట్టిగా ముడుచుకుని తిరిగింది. లో గేరులో పెడితే వెనక బరువుని గుక్క తిప్పుకోకుండా లాగింది. జోడుగెడ్డలో నీళ్ళు అప్పటికి చక్రంలో సగం. ఇసకలో ముందు చక్రాలు కూరుకుపోతే వెనక చక్రాలు తోశాయి, వెనకవి కూరుకుపోతే ముందువి పట్టుకున్నాయి. గట్టెక్కాక గవరయ్య బండి ఆపి, దిగి, కారు బానెట్టు మీద ఒకసారి చెయ్యి వేశాడు. నూట పన్నెండు పేజీల నివేదికలో ఉన్న నిజం ఇదొక్కటే.

మూడో రోజు వాన పట్టుకుంది. అయిదో రోజుకి గెడ్డ గట్లు ఒరుసుకుంటోంది. ఇక బండి దిగే మాట లేదు. ఎనిమిదో రోజు మెమో ఫోనులో వచ్చింది. ఎర్రమెట్టలో ఒక్క బండరాయి మీదే సిగ్నలు అందుతుంది. దాని మీద నిలబడి గవరయ్య చదివాడు. వ్యవధి ముగిసినా అధికారి విధుల్లో చేరలేదు, వారం లోపల సరైన కారణం చూపకపోతే అధికారి సర్వీసుకి భంగం, డ్రైవరు సస్పెన్షను, కారుని దొంగిలించినట్టు భావించడమవుతుంది. ఇంట్లో పెళ్ళాం, రెండేళ్ళలో రిటైర్మెంటు అతనికి గుర్తొచ్చాయి. మెమో సంగతి ఎస్తేరురాణికి చెబితే, "ముందు నీళ్ళు కాచు," అంది. చిలకమ్మకి నొప్పులు మొదలయ్యాయి.

తీరా అవి ఉత్తి నొప్పులు. అసలువి పదకొండో రోజు పొద్దున వచ్చాయి. కేంపరు బయట పందిరి గుడ్డ కింద ఊరు ఊరంతా నిలబడింది. గవరయ్య మెట్ల మీద కూర్చుని తలుపు పట్టుకున్నాడు. లోపలినుంచి చిలకమ్మ అరుపు ఈసారి స్పష్టంగా వినబడుతోంది. అరుపు వినబడటం ఇంత ధైర్యంగా ఉంటుందని అతనికి తెలీదు. మెడకి పేగు చుట్టుకుందని ఎస్తేరురాణి గొంతు ఒకసారి కటువుగా పలికింది. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు పిల్ల ఏడ్చింది.

"బట్ట, బట్ట," అని లోపలినుంచి కేక. గవరయ్య పరుగెత్తి కారు తలుపు తీసి, వెనకసీటు మీది తెల్ల తువ్వాలు లాగి ఇచ్చాడు.

సాయంత్రం ఎస్తేరురాణి సెలవు దరఖాస్తు నింపింది. అధికారి పేరు దగ్గర ఇన్‌చార్జి జాయింటు డైరెక్టరు. కారణం దగ్గర, ప్రసవం. జత చేసిన పత్రం, ఆడబిడ్డ, రెండు కేజీల ఎనిమిది వందలు, తేదీ, సమయం, నర్సు సంతకం. గవరయ్య బండరాయి ఎక్కి ఫోనులో పంపాడు. దిగబోతుంటే నీలకంఠం గారే ఫోను చేశారు.

"సర్వీసు రిజిస్టరులో స్త్రీ అని ఉంది," అన్నారాయన. వెనకాల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. "నేనే రాశాను."

"అవును బాబూ."

"ప్రసూతి సెలవు ఆరు నెలలు. ప్రసవం జరిగినట్టు పత్రం ఉంది. బిడ్డ అధికారి లోపలినుంచే వచ్చిందా?"

"నా కళ్ళతో సూసేను బాబూ. తలుపు పట్టుకున్నోణ్ణి నానే."

అవతల కాగితాల చప్పుడు ఆగింది. సిగ్నలు పోయిందేమోనని గవరయ్య భయపడ్డాడు. "మొదటి కాన్పేనా?" అన్నారు నీలకంఠం గారు. "రెండు కాన్పులకి మించితే సెలవు రాదు."

గవరయ్య కింద కేంపరు వంక చూశాడు. పందిరి గుడ్డ కింద ఎస్తేరురాణి నెలలు నిండుతున్న ఆడవాళ్ళని వరసగా కూర్చోబెట్టి కడుపులు చూస్తోంది. "ఇదే మొదటిది బాబూ. గెడ్డ తీసేలోగా ఇంకా నలుగురున్నారు."

మళ్ళీ కాగితాల చప్పుడు. ఈసారి ఇంకా ఎక్కువసేపు. చివరికి నీలకంఠం గారు గొంతు సవరించుకున్నారు. ముప్పయ్యొక్క ఏళ్ళలో ఆయన గొంతు అంత మెల్లగా ఎవరూ విని ఉండరు.

"ఎన్ని కాన్పులన్నది రూలులో ఉంది గవరయ్యా. ఒక కాన్పులో ఎందరు పుట్టవచ్చన్నది లేదు. ఒకే సెలవులో పుట్టినవాళ్ళంతా ఒకే కాన్పు కింద వస్తారు. విడివిడిగా దరఖాస్తులు పెట్టకండి."

ఫోను పెట్టేశారు. గవరయ్య బండరాయి దిగి, కారు దగ్గరికి వెళ్ళి డిక్కీ తెరిచాడు. తువ్వాళ్ళు ఇంకా పదకొండు ఉన్నాయి.